ఆరేళ్లకు వచ్చే ఆ పన్ను

ఒకటో తరగతి చదివే మీ పిల్లల్ని వెలుతురు వైపు తిప్పి నోరు తెరవమనండి. కింది దవడలో పాలపళ్ల వరస అయిపోయిన చోట, చిగుళ్లలోంచి సగమే బయటికొచ్చిన వెడల్పాటి పన్ను కనిపించవచ్చు. దాని కోసం ఏ పన్నూ ఊడలేదు కాబట్టి అది వచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందుపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేదాకా సందడే. ఈ దవడపన్ను మాత్రం చడీచప్పుడూ లేకుండా వస్తుంది. కిందా పైనా కలిపి ఇవి నాలుగు. ఇవి పాలపళ్లు కావు, జీవితాంతం నమలాల్సింది వీటితోనే.

బడిపిల్లల్లో ఎక్కువగా పుచ్చిపోయే శాశ్వత దంతాలూ ఇవే. వీటి మీద గాళ్లు లోతుగా ఉంటాయి, బ్రష్ కుచ్చు అడుగుదాకా వెళ్లదు. పైగా సగం ఎదిగిన పన్ను పక్క పళ్ల ఎత్తుకు రాదు కనుక బ్రష్ దాని మీద ఆనకుండానే పోతుంది. పక్కనే పుచ్చిన పాలపన్ను ఉంటే ముప్పు మరీ ఎక్కువ. ‘పాలపళ్లే కదా, ఎలాగూ ఊడతాయి’ అంటారుగానీ, వెనకవైపు పాలపళ్లు ఊడేది పది పన్నెండేళ్లకు. వాటిని ముందే పీకించాల్సి వస్తే ఈ దవడపన్ను ముందుకు జరిగిపోతుంది, తర్వాత రావాల్సిన పన్నుకు చోటుండదు.

పంట్లో పురుగేమీ ఉండదు. స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ లాంటి బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా తగ్గితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సరిచేసేలోపే మళ్లీ తీపి పడితే కథ మొదటికొస్తుంది. అందుకే ఎంత తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. స్వీడన్‌లోని విపెహోల్మ్ సంస్థలో 1940ల్లో మానసిక వైకల్యం ఉన్నవాళ్లకు అదేపనిగా టాఫీలు పెట్టి మరీ ఈ సంగతి తేల్చారు. దారుణమైన ప్రయోగం, తేలిన నిజం మాత్రం ఇప్పటికీ నిలబడి ఉంది.

ఆ లెక్కన పండక్కి కడుపునిండా తిన్న అరిసెలకన్నా రోజూ గంటకోసారి నోట్లో వేసుకునే బిస్కెట్టే ప్రమాదం. చాక్లెట్‌ని తిట్టే అమ్మలు బిస్కెట్‌ని ఏమీ అనరు, కానీ దాని పిండి గాళ్లలో అతుక్కుపోతుంది. పడుకునేముందు ఇచ్చే చక్కెరపాలు ఇంకా చేటు, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది మరి. ఆంధ్రప్రదేశ్ బడుల్లో పెట్టే బెల్లం చిక్కీని మాత్రం నేను వద్దనను, రక్తహీనత అంతకన్నా పెద్ద సమస్య. తిన్నాక కుళాయి దగ్గర నోరు పుక్కిలించేలా టీచర్లు చూస్తే చాలా మేలు.

నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ పేరు చెబితేనే జనం హడలిపోతారు. హడలడానికి కారణం ఉంది. అయితే అక్కడ చేటు చేసింది ఏళ్ల తరబడి తాగిన నీరు. ఉమ్మేసే పేస్టులోని ఫ్లోరైడ్ ఎనామిల్‌ను గట్టిపరుస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్లదాకా బఠాణీగింజంత పేస్టు చాలు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరైతే డాక్టర్ని అడిగి వాడాలి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట పెద్దవాళ్లే తోమాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికొచ్చే వైద్యబృందాలు పళ్లు కూడా చూస్తాయి. కానీ వాళ్లు రాసిచ్చిన చీటీ చాలాసార్లు పుస్తకాల సంచిలోనే నలిగిపోతుంది. నొప్పి లేదుగా! నొప్పి మొదలయ్యాక లవంగం పెడతారు, తర్వాత మాత్ర. అప్పటికే పుచ్చు నరందాకా దిగి ఉంటుంది. తొలి గుర్తు నొప్పి కాదు, సుద్దలాంటి తెల్లమచ్చ. ఆ దశలో ఫ్లోరైడ్ పూతతో వెనక్కి మళ్లించవచ్చు. దవడపన్ను గాళ్లను సీలెంట్‌తో ముందే పూడ్పించుకోవచ్చు కూడా. సూది ఉండదు, డ్రిల్లు అక్కర్లేదు. పన్నుకు కొన్ని నిమిషాలు, అంతే. డెంటల్ కాలేజీల్లోని పిల్లల విభాగంలో అడగండి.