అడగకముందే వచ్చే పళ్ళెం

యాభై ఏళ్ళ క్రిందటి మాట. రైలు దిగి, సికిందరాబాదు స్టేషను పరిసరాలలోని ఒక ఇరానీ హోటలులో తొలిసారి అడుగుపెట్టిన పల్లెటూరి మనిషికి ఒక వింత ఎదురయ్యేది. పాలరాతి పలక అమర్చిన బల్ల ముందు అతడు ఇంకా సరిగా కూర్చోనే లేదు. ‘ఒక చాయ్’ అన్న మాట నోటినుంచి పూర్తిగా వెలువడనే లేదు. సర్వరు ఒక పింగాణీ పళ్ళెం ఎదుట పెట్టి వెళ్ళిపోయేవాడు. అందులో నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, రెండు ఖారీలు, అరచేతిలో ఇమిడే చిన్న సమోసాలు. తాను అడగలేదు. ధర ఎంతో తెలియదు. జేబులో ఉన్నదల్లా టీకి, బస్సుకు సరిపడే చిల్లర. ఒక్కటి ముట్టుకుంటే మొత్తానికి డబ్బు చెల్లించవలసి వస్తుందేమో!

పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆ సందేహాన్ని కనిపెట్టి నవ్వేవాడు. “భయపడకండి. తిన్నవాటికే డబ్బు. తిననివి వాళ్ళే తీసుకుపోతారు.”

హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాల ఇరానీ హోటళ్ళలో దశాబ్దాల పాటు సాగిన ఆనవాయితీ ఇది. బొంబాయి ఇరానీ దుకాణాలలోనూ కేకులు, బిస్కెట్లు పేర్చిన పళ్ళెం ఇలాగే బల్లమీదికి వచ్చేది. మనిషి లేవబోయే సమయానికి సర్వరు పళ్ళెంలో మిగిలినవాటిని ఒక్క చూపు చూసి, తగ్గినవాటిని మనసులోనే లెక్కగట్టి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికి వినబడేలా మొత్తాన్ని కేకవేసి చెప్పేవాడు. చీటీ లేదు, కాగితం లేదు. తిన్నవాడి మాట, చూసినవాడి లెక్క, ఈ రెండే ఆధారం.

ఈ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పినవారు దూరదేశంనుంచి వచ్చినవారు. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలోనూ, ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలోనూ ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాలనుంచి అనేక కుటుంబాలు బతుకుతెరువు వెదుక్కుంటూ బొంబాయి చేరాయి. అక్కడ హోటళ్ళు పెట్టినవారిలో జొరాస్ట్రియన్ మతస్థులే ఎక్కువ. ధోబీ తలావ్‌లో 1904లో మొదలైన కయానీ, గ్రాంట్ రోడ్డులో 1914లో మొదలైన బి. మెర్వాన్, బల్లార్డ్ ఎస్టేటులో 1923లో వెలసిన బ్రిటానియా అటువంటివే. హైదరాబాదుకు వచ్చి స్థిరపడిన ఇరానీలలో ముస్లిములు అధికం. వారిలో పలువురు బొంబాయి, పూనాల మీదుగా నిజాం రాజధానికి చేరుకున్నవారు.

వీధి మలుపులోని స్థలం అచ్చిరాదని నమ్మి చాలామంది వ్యాపారులు వదిలివేస్తే, ఇరానీలు ఆ మూల దుకాణాలనే చౌకగా తీసుకున్నారని చెబుతారు. రెండు వీధులనుంచి గాలి, వెలుతురు, జనం లోపలికి వచ్చే ఆ మూలలే వారికి కలిసివచ్చాయి. గోడలకు నిలువుటద్దాలు, ఒంపు తిరిగిన చెక్క కుర్చీలు, పాలరాతి బల్లలు, బట్టీ దగ్గర సన్నని సెగమీద గంటల తరబడి మరిగే డికాషను. పాలను వేరుగా, చిక్కబడేవరకు కాచి అందులో కలుపుతారు. ఆ చిక్కదనమే ఇరానీ చాయ్‌కి ప్రాణం.

ఇంతటి చాయ్‌కి జోడు కుదరాలంటే బిస్కెట్టు కూడా అంతటిది కావాలి. ఉస్మానియా బిస్కెట్టు పేరులో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉన్నాడు. ఉస్మానియా ఆసుపత్రిలో రోగుల కోసం దీనిని మొదట చేశారని ఒక కథ, నవాబుగారి అభిరుచి మేరకే పుట్టిందని మరొక కథ. ఏది నిజమైనా, దాని గుణం మాత్రం స్పష్టం. తీపి ముందు తగులుతుంది, ఉప్పదనం వెనుకగా వస్తుంది. వెన్న గోధుమపిండి రేణువులను చుట్టుకొని జిగురు సాగకుండా అడ్డుపడుతుంది. అందువల్లనే ఆ బిస్కెట్టు పళ్ళకు పని పెట్టకుండా నోటిలో పొడిపొడిగా విడిపోతుంది.

ఖారీ తీరు వేరు. పిండిని పలుచగా వత్తి, కొవ్వు పూసి, మడిచి, మళ్ళీ వత్తి, మళ్ళీ మడుస్తారు. భట్టీలో పెట్టగానే పిండిలోని తేమ ఆవిరై పొరలను పైకి నెడుతుంది. మధ్యనున్న కొవ్వు ఆ పొరలను మళ్ళీ అతుక్కోనివ్వదు. చల్లారాక వేలితో తాకితేనే పెళపెళలాడుతుంది. చాయ్‌లో ముంచడం తెలిసినవారు ఖారీని క్షణం మించి ఉంచరు. ఆలస్యమైతే సగం కప్పు అడుగున చేరుతుంది.

అయితే, ఆ పళ్ళేన్ని తలచుకొనే పాతకాలపు వారు రుచి ఒక్కదానికోసమే తలచుకోరు. ఊళ్ళలో కొన్ని హోటళ్ళు కులాన్నిబట్టి కూర్చోబెట్టే రోజులలో, కొన్ని అసలు గడపే తొక్కనివ్వని రోజులలో, ఇరానీ హోటలు బల్ల ఎవరినీ ఏమీ అడగలేదు. రిక్షా తొక్కేవాడి ఎదుట పెట్టిన పళ్ళెమూ, వకీలు ఎదుట పెట్టిన పళ్ళెమూ ఒక్కటే. ఆబిడ్స్‌లోని ఓరియెంట్ హోటలులో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు గంటల తరబడి కూర్చొనేవారు. ఒక చాయ్‌ను ‘వన్ బై టూ’గా ఇద్దరు పంచుకొన్నా సర్వరు ముఖం చిట్లించేవాడు కాదు.

ఇందులో వ్యాపార కౌశలం లేకపోలేదు. కంటి ఎదుట ఉన్నదానిమీదికి చేయి దానంతట అదే పోతుంది. చాయ్ తాగి పోదామని వచ్చినవాడు మాటల మధ్య మూడు బిస్కెట్లు తిని లేస్తాడు. యజమానికి ఆ సంగతి బాగా తెలుసు. కాని అతడు ఒక సాహసం కూడా చేస్తున్నాడు. తల్లి చాటున పిల్లవాడు ఒకటి జేబులో వేసుకోవచ్చు. మూడు తిని రెండే అన్నవాడితో వాదించడానికి సాక్ష్యం ఉండదు. అయినా పళ్ళెం ప్రతి బల్లకూ వెళ్ళింది. పదిమందిలో ఒకడు తప్పు చేస్తాడని మిగిలిన తొమ్మండుగురినీ అనుమానించనక్కరలేదన్నది ఆ వ్యాపారంలోని లెక్క.

జ్ఞాపకం తీయనిది గనుక లోపాలను మరచిపోవడం న్యాయం కాదు. ఒక బల్లమీద మిగిలిన బిస్కెట్లు మరొక బల్లకు చేరేవి. ఎన్ని చేతులు తగిలాయో, ఎన్ని ఈగలు వాలాయో ఎవరూ చూడలేదు. ప్రజారోగ్యం గురించి తెలిసిన నేటి మనిషి దానికి జంకితే తప్పు పట్టలేము. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించిన తరువాత ఆ జంకు మరింత పెరిగింది.

కాని పళ్ళెం వెనుకబడడానికి ఆరోగ్య చింత ఒక్కటే కారణం కాదు. ఒకనాడు ఎవరూ కోరని వీధి మూల నేడు బంగారంతో సమానం. ఒక్క చాయ్‌తో గంట కూర్చొనేవాడివల్ల వచ్చే ఆదాయం ఆ స్థలం విలువకు ఏమూలకు? ఇరానీ కుటుంబాల కొత్త తరం చదువుకొని ఇతర ఉద్యోగాలకు, విదేశాలకు వెళ్ళింది. బొంబాయిలోనూ హైదరాబాదులోనూ అనేక పాత హోటళ్ళు మూతపడి, వాటి స్థానంలో బ్యాంకులు, దుస్తుల దుకాణాలు, కొత్తరకం భోజనశాలలు వెలిశాయి.

బిస్కెట్టు మాత్రం చావలేదు. నిజానికి అది మునుపటికంటె ఎక్కువ దూరాలు తిరుగుతున్నది. చార్మినారు పక్కన నిమ్రా హోటలులో వేడివేడి ఉస్మానియాల కోసం నేటికీ జనం గుమిగూడతారు. అట్టపెట్టెలలో భద్రపరచిన బిస్కెట్లు విమానమెక్కి అమెరికాలోని తెలుగు ఇళ్ళకు చేరుతున్నాయి. పెట్టెమీద బరువు ఉంటుంది, ధర ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. ముందు డబ్బు, తరువాత రుచి. పరిశుభ్రత దృష్ట్యా ఇది మేలే. అయితే ఆ పెట్టెకు కొన్నవాడు ఎటువంటివాడో తెలుసుకోవలసిన అవసరం లేదు.

పాత పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టని హోటళ్ళు హైదరాబాదులో ఇంకా లేకపోలేదు. అటువంటిచోట ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక చిన్న దృశ్యం కనబడుతుంది. సర్వరు పళ్ళెంవైపు చూసి, హడావుడిలో పొరబడి, “రెండు బిస్కెట్లు, ఒక చాయ్” అని కేకవేస్తాడు. లేచి నిలబడిన ముసలాయన చేయెత్తి అతడిని ఆపుతాడు.

“రెండు కాదు నాయనా, మూడు తిన్నాను.”