వరిసీమలో మారుచున్న పనులు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణములును కృష్ణానదికి ఉత్తరమున నున్నవి. మొదటి రెండును హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మీదను, మూడవది గుంటూరునకు పోవు రైలుమార్గము మీదను కలవు. వానాకాలమున కోదాడ నుండి మిర్యాలగూడకు పోవువారికి దారి పొడవునను వరిపొలములు కనబడును. డెబ్బది యేండ్ల క్రిందట ఈ దృశ్యము లేదు. ఆనాడు చెరువుల క్రింద తప్ప వరి యరుదు; చెలకలలో జొన్న, ఆముదము పండించెడివారు. నిజాము పాలనలో వడ్రంగి, కుమ్మరి మొదలగువారు తమ నేర్పును కూలి లేకయే దొరగడీకి ధారపోయవలసి వచ్చెడిది. ఆ వెట్టిచాకిరి నెదిరించి 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమునకు సూర్యాపేట ప్రాంతము ఒక ముఖ్యస్థానము.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. అది ప్రధానముగా రాతికట్టడము. వేలకొలది కూలీలు రాళ్ళు మోసి, పేర్చి, 124 మీటర్ల యెత్తు కట్టను లేపిరి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. లాల్ బహదూర్ పేరుగల ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములలోని చెలకలను మాగాణులుగా మార్చెను.

నేల మారగా పనియు మారినది. వరి నాటుట గట్టు మీద నిలిచి చూచువారికి సులభముగా తోచును. నాటువేయు స్త్రీ నడుము వంచి, బురదలో వెనుకకు నడచుచు, ఎడమచేత నారుకట్ట పట్టి, కుడిచేత రెండుమూడు మొక్కలను విడదీసి నాటును. మొక్క మిక్కిలి లోతుగా దిగినచో పిలకలు సరిగా వేయదు. పైపైన నాటినచో నీటిలో తేలిపోవును. ఎంత లోతు తగునో ఆమె వ్రేళ్ళకు తెలియును. వరుసలో ఒక్కరు వెనుకబడినను అందరి పని చెడును గనుక పాటతో చేతులను జతకూర్చుకొందురు. ఇంతటి నేర్పును రైతు లెక్కపుస్తకములో 'కూలి' యని మాత్రమే వ్రాసికొనును.

ఇటీవలి సంవత్సరములలో నాటుకు ఊరివారు చాలినంతమంది దొరకుట లేదు. వారి పిల్లలలో పెక్కండ్రు చదువులకును, కొలువులకును పట్టణములు చేరిరి. అందువలన బీహారు, పశ్చిమ బెంగాలు మొదలగు రాష్ట్రముల నుండి పురుషులు గుంపులుగా వచ్చి, ఎకరమునకు ఇంతయని గుత్తకు మాటలాడుకొని నాటుచున్నారు. వారికి తెలుగు రాకున్నను వరి తెలియును. వారిదియు వరి పండు సీమయే గదా! కోత మాత్రము యంత్రముల పాలైనది. కొడవలి పట్టినవారికి పని తగ్గినది. ఆ యంత్రమును నడుపువారికిని, బాగుచేయువారికిని గిరాకి పెరిగినది.

పండిన ధాన్యములో ఎక్కువభాగము మిర్యాలగూడ మిల్లులకు చేరును. ఉప్పుడు బియ్యము చేయుటకు ధాన్యమును ముందు నీట నానబెట్టి, ఆవిరితో ఉడికించి, ఆరబెట్టుదురు. ఆవిరి పుట్టించు బాయిలరుకు వంటచెరకు ఆ ధాన్యపు ఊకయే. పిమ్మట రబ్బరు రోలర్ల నడుమ పొట్టు ఊడదీసి, పై తవుడు తీయుదురు. తవుడు నుండి నూనె తీయుదురు. నూరు కిలోల ధాన్యమునకు సుమారు 67 కిలోల బియ్యము వచ్చును. ఉడుకు తక్కువైనచో గింజ విరుగును. ఎక్కువైనచో రంగు మారును. ఆవిరి వాసనను బట్టియే ఉడుకును గుర్తించు పనివాడు ఏ పరీక్షయు ప్యాసుకాకపోవచ్చును. అతనిని నేను చదువురానివాడనుటకు సాహసింపను.

ఇట్టి మార్పు మన సీమకే వచ్చినది కాదు. 1942 నుండి 1964 వరకు ఒక ఒప్పందము ననుసరించి మెక్సికో దేశపు కూలీలు అమెరికా పొలములకు పోయిరి. వారిని 'బ్రసేరో' లనిరి. స్పానిష్ భాషలో 'బ్రాసో' యనగా భుజము. అనగా పిలిచినవారు కోరినది భుజబలమునే. కాలిఫోర్నియాలో కూలీలచే పొట్టిపిడి పారను పట్టించి దినమంతయు వంగి పనిచేయించెడివారు. నడుములు చెడుచున్నవని కూలీలు పోరాడగా 1975లో దానిని నిషేధించిరి. బ్రసేరోల ఒప్పందము ముగిసిన పిమ్మట కొలదికాలములోనే ఆ రాష్ట్రమున టమాటాలు కోయు యంత్రములు వ్యాపించినవి. వెనుకటి తరము పొలములలో వంగి పనిచేసిన కుటుంబములలో పుట్టినవారు నేడు ఆ దేశమున ఉపాధ్యాయులుగను, వైద్యులుగను, ఇంజనీర్లుగను ఉన్నారు.

మన పట్టణములలోను పిల్లలకు క్రొత్త దారులు తెరువబడినవి. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కోదాడలో ఇంజనీరింగు చదివినవారు హైదరాబాదునకును, సముద్రములు దాటియు పోవుచున్నారు. వారి సంగతి అందరును చెప్పుకొందురు. పెద్దవారి సంగతి చెప్పుకొనువారే తక్కువ.

పూర్వము బియ్యములో నల్లగింజలను, మట్టిబెడ్డలను స్త్రీలు చేటలతో చెరిగి ఏరెడివారు. నేడు మిల్లులలో ఒక యంత్రము ఆ పని చేయుచున్నది. జారిపడు గింజలను కెమెరాతో చూచి, రంగు చెడినదానిని గాలి విసురుతో ప్రక్కకు నెట్టును. ఏ గింజను త్రోయవలెనో, దేనిని ఉంచవలెనో ముందుగా యంత్రమునకు ఒకరు నిర్ణయించి చెప్పవలెను. ఆ భేదము జీవితమంతయు చేటపట్టి ఏరినవారికి ఎవ్వరును నేర్పనక్కరలేదు. నేర్పవలసినవి ఆ యంత్రపు మీటలు మాత్రమే. అందులకు కొన్ని వారములు చాలవా యని నాకు తోచును.