సముద్రం అవతలి సర్వరు

అండమాన్‌లోని చాతం దీవిలో 1883లో నెలకొల్పిన రంపపు మిల్లు ఉంది. ఇల్లు కట్టుకునే ప్రతివారూ అలాంటి మిల్లు పెట్టుకోరు. కోసిన కలపను కావలసినంత కొనుక్కుంటారు. క్లౌడ్ కంప్యూటింగ్ కూడా అటువంటిదే. సర్వర్లు వేరొకరివి, వాడుకున్న మేరకే మనం అద్దె కడతాం.

చాతంలో ఒకరు పడవ టికెట్లమ్మే సాఫ్ట్‌వేర్ తయారుచేశారనుకుందాం. పర్యాటకులు పోటెత్తే డిసెంబరులో పది సర్వర్లు కావాలి, వానాకాలంలో ఒకటి చాలు. అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్‌ల క్లౌడ్ వేదికలు మనం పెట్టిన నియమాన్ని బట్టి, రద్దీని కొలుస్తూ వాటిని పెంచుతాయి, తగ్గిస్తాయి. అయితే అమ్ముడైన సీట్ల లెక్క ఒక్కో సర్వరులో విడివిడిగా ఉండకూడదు, అన్నిటికీ ఉమ్మడి డేటాబేస్‌లో ఉండాలి. లేకుంటే ఒకే సీటు ఇద్దరికి అమ్ముడవుతుంది!

పేరుకు మేఘమే గానీ, ఆ యంత్రాలు ముంబయి, హైదరాబాదు వంటి చోట్ల భవనాల్లో ఉంటాయి. మధ్యలో సముద్రం. ఉపగ్రహం ద్వారా అయితే సంకేతం 36,000 కిలోమీటర్ల దూరాన్ని నాలుగుసార్లు దాటాలి, అంటే జవాబుకు దాదాపు అర సెకను. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్‌లో కాంతి చెన్నైకి వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు.

మరి కేబుల్ తెగితే? కొన్ని సీట్లను ముందే రేవు కౌంటరుకు కేటాయించాలి. అక్కడి కంప్యూటరు వాటిని అమ్ముతూ లెక్క దాచుకుంటుంది, సంబంధం తిరిగి కలవగానే డేటాబేస్‌కు పంపుతుంది.