వేడికి ముడుచుకుంటుంది.. చల్లబడితే ఉబ్బుతుంది!

సబ్జా గింజలు నీళ్లలో వేస్తే కాసేపటికి చుట్టూ జిగురుపొర ఉబ్బడం మనందరికీ తెలుసు. నీటిని అలా పట్టి ఉంచే పదార్థాన్నే హైడ్రోజెల్ అంటారు. పసిపిల్లల డైపర్‌లో తడిని పీల్చేదీ, కంట్లో పెట్టుకునే మెత్తటి లెన్సూ ఈ కుటుంబంలోవే. వలలో దారాలకు ముడులు ఉన్నట్టు పొడవాటి పాలిమర్ గొలుసులను అక్కడక్కడా ముడివేస్తే జెల్ తయారవుతుంది. ఆ ముడుల వల్లే అది నీళ్లలో కరిగిపోదు.

32 డిగ్రీలు దాటితే..

వీటిలో ఒకటి విచిత్రమైనది. పేరు పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. పొట్టిగా పీనైపామ్ అందాం. చల్లగా ఉన్నంతసేపు నీరు తాగి ఉబ్బి ఉంటుంది. వేడి సుమారు 32 డిగ్రీలు దాటిందా, నీటిని వదిలేసి ముడుచుకుపోతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్లీ పచ్చిది కాదు. ఇది మాత్రం చల్లబడగానే మళ్లీ ఉబ్బుతుంది.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు కదా! అందుకే వైద్యుల కన్ను దీనిపై పడింది. జపాన్‌లో టెరువో ఒకానో బృందం ఈ పాలిమర్ పూత ఉన్న గిన్నెల్లో కణాలను పెంచింది. 37 డిగ్రీల దగ్గర అతుక్కుని పెరిగిన కణాలు, చల్లబరచగానే పలుచటి పొరలా ఊడి వచ్చాయి. నలుగురు రోగుల నోటి కణాలను ఇలా పెంచి, దెబ్బతిన్న వాళ్ల కళ్లపై కుట్లు లేకుండా అతికిస్తే చూపు మెరుగైందని 2004లో జపాన్ వైద్యులు ప్రకటించారు.

మట్టి ఇచ్చిన బలం

చిక్కల్లా బలం దగ్గరే. మామూలు జెల్‌ను లాగితే ముంజలా చిట్లిపోతుంది. ముడులు ఒకచోట దగ్గరగా, మరోచోట దూరంగా పడతాయి. లాగినప్పుడు పొట్టి గొలుసులు ముందు తెగుతాయి. 2002లో జపాన్ శాస్త్రవేత్త కజుతోషి హరగుచి రసాయన ముడుల బదులు ఒక రకం బంకమట్టి సూక్ష్మ పలకలు వాడారు. గొలుసులు వాటిని పట్టుకున్నాయి. ఆ జెల్ పదింతలు సాగినా తెగలేదు. వేడికి ముడుచుకునే గుణమూ పోలేదు.

మెడ పట్టీని నమ్ముకుంటే చాలదు

గల్ఫ్ సైట్లలో మనవాళ్లు నానబెట్టి మెడకు కట్టుకునే చల్లటి పట్టీల్లో చాలావాటిలో ఉండేదీ జెల్ గింజలే. కానీ అవి పీనైపామ్‌లా వేడిని పసిగట్టవు. నీరు ఆవిరైతేనే చల్లదనం. సముద్రతీరంలో ఉక్కపోతగా ఉంటే నీరు సరిగా ఆవిరి కాదు. మెడ చల్లగా అనిపించినా ఒంట్లో వేడి పెరుగుతూనే ఉండొచ్చు.

అందుకే పట్టీ ఉంది కదా అని నీడనీ, నీళ్లనీ, విరామాన్నీ వదులుకోవద్దు. ఖతార్‌లో 2021 నాటి నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదు. తోటివాడి మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా వెంటనే అంబులెన్స్‌ను పిలుద్దాం. అది వచ్చేలోగా నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి విసురుదాం.