రెండవ ఓటమి వరకు

క్రికెట్టుకు దూరపు బంధువు వంటి ఆట బేస్‌బాల్. జట్టుకు తొమ్మిదిమంది ఆటగాళ్లు, పోటీకి తొమ్మిది ఇన్నింగ్సులు. బంతి విసిరే ఆటగాణ్ణి పిచ్చర్ అంటారు. అమెరికాలో విశ్వవిద్యాలయ విద్యార్థులు ఈ ఆటను మిక్కిలి ఆసక్తితో ఆడతారు. అక్కడి విశ్వవిద్యాలయాలు కొన్ని కొన్ని కలిసి కూటములుగా ఏర్పడ్డాయి. వీటికే కాన్ఫరెన్సులని పేరు. వసంతకాలమంతా పోటీలు సాగిన పిమ్మట, మే మాసాంతంలో చాలా కాన్ఫరెన్సులు తమ విజేతను నిర్ణయించే టోర్నమెంటును నిర్వహిస్తాయి.

జాతీయస్థాయి పోటీలో 64 జట్లకే ప్రవేశం. టోర్నమెంటు విజేతకు అందులో నేరుగా స్థానం లభిస్తుంది. తక్కిన జట్లను ఒక సంఘం ఎంపిక చేస్తుంది. పేరుప్రతిష్ఠలు గల జట్టు ఇక్కడ ఓడినా ఆ సంఘం దృష్టిలో నిలుస్తుంది. చిన్న జట్టుకు మాత్రం ఈ కొద్ది రోజులే సర్వస్వం. చదువు ముగించుకొంటున్న విద్యార్థికి ఆనాటి ఓటమే ఆటకు వీడ్కోలు కావచ్చు.

ఈ టోర్నమెంట్లలో బహుళ ప్రచారంలో ఉన్న పద్ధతి ఒకటి ఉంది. ఒకమారు ఓడిన జట్టు వెంటనే ఇంటిముఖం పట్టనక్కరలేదు. ఓడినవారి వరుసలో చేరి మరల పోరాడవచ్చు. రెండవమారు ఓడితేనే నిష్క్రమణ. అయితే ఈ అవకాశం ఉచితంగా రాదు. ఓడిన జట్టు అదనంగా పోటీలు ఆడవలసి వస్తుంది. పిచ్చర్ భుజం ఉక్కుతో చేసినది కాదు గదా! నిన్న నూరు బంతులు విసిరినవానికి నేడు విశ్రాంతి తప్పదు. మేటి పిచ్చర్‌ను తొలినాడే దింపాలా, చివరి పోటీకి దాచుకోవాలా అన్నదే శిక్షకునికి ధర్మసంకటం. అలబామాలోని హూవర్‌లో జరిగే సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్సు టోర్నమెంటు 2025లో 16 జట్లతో, ఒక్క ఓటమికే నిష్క్రమించే పద్ధతికి మారింది. కాలం కలిసివచ్చినా, పడి లేచే జట్ల కథలు అందులో కనబడవు.

ఈ చిన్న ద్వారం గుండా ఎంత దూరం పోవచ్చునో 2008లో ఫ్రెస్నో స్టేట్ జట్టు చూపింది. కాలిఫోర్నియాకు చెందిన ఈ జట్టు వెస్ట్రన్ అథ్లెటిక్ కాన్ఫరెన్సు టోర్నమెంటు గెలిచి జాతీయ పోటీలో అడుగుపెట్టింది. నాలుగేసి జట్ల తొలి బృందాలలో దానికి దక్కినది నాలుగవ స్థానం, అనగా అట్టడుగు స్థానం. ఆ జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఎనిమిది జట్లు మాత్రమే చేరగల ఒమాహా నగరానికి చేరింది. అక్కడ నార్త్ కరోలినా చేతిలో ఒకమారు ఓడి, తరువాతి పోటీలో ఆ జట్టునే ఓడించింది. మూడు పోటీల తుది సమరంలో జార్జియా 7–6తో ముందంజ వేయగా, ఫ్రెస్నో 19–10తో బదులిచ్చింది. నిర్ణాయకమైన మూడవ పోటీలో జస్టిన్ విల్సన్ ఎనిమిది ఇన్నింగ్సులు బంతి విసిరాడు. బొటనవేలి గాయంతోనే బ్యాటు పట్టిన స్టీవ్ డెట్‌వైలర్ జట్టు ఆరు పరుగులకూ తానే కారకుడయ్యాడు. ఫ్రెస్నో 6–1తో గెలిచింది. నాలుగవ స్థానపు జట్టు జాతీయ విజేత కావడం అదే మొదలు. అప్పటికి ఆ సంవత్సరం ఆ జట్టు ఓడిన పోటీలు 31.