స్తనవిద్రధి తరువాత చనుబాలు మాన్పించాలా?

ఆ మధ్య ఒక వర్షాకాలపు ఉదయం ఒక బాలింతను ఆమె అత్తగారు, భర్త కలిసి నా వద్దకు తీసుకువచ్చారు. ప్రసవమై అయిదు వారాలు. 103 డిగ్రీల జ్వరం, వణుకు. కుడి స్తనం కందిపోయి, తాకనీయనంత నొప్పిగా, రాయివలె గట్టిపడి ఉన్నది. నాలుగు రోజులుగా ఆ వైపు పాలు పట్టడం మానివేశారట. పాలలో చీము కలిసి బిడ్డ కడుపులోకి పోతుందని ఇంటి పెద్దల భయం. గడ్డ త్వరగా పక్వానికి రావాలని ఆముదపుటాకులు వెచ్చచేసి వేసి, పైన గుడ్డ బిగించి కట్టారు. ఆమెకు నేను కషాయమేమీ ఇవ్వలేదు. వెంటనే శస్త్రవైద్యుని వద్దకు పంపాను. అక్కడ చీము తీశారు. పది రోజుల తరువాత ఆమె మళ్ళీ వచ్చి అడిగింది: “డాక్టరుగారూ, ఇక నా పాలు బిడ్డకు ఇవ్వవచ్చునా, మాన్పించమంటారా?”

ఇటువంటి ప్రశ్న చాలా ఇళ్లలో వస్తుంది. దీనిలో నిజానికి రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. రోగం తీవ్రంగా ఉన్నప్పుడు పాలు ఆపవచ్చునా అన్నది మొదటిది. రోగం తగ్గిన పిమ్మట కొనసాగించాలా, వద్దా అన్నది రెండవది. మొదటిదానికి సమాధానం శాస్త్రం ఇస్తుంది. రెండవదానికి చాలావరకు తల్లే ఇవ్వాలి. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే అనర్థాలు జరుగుతున్నాయి.

రోగం ఎట్లా పుడుతుందో చూడండి. బిడ్డ సరిగా పట్టుకొనక చనుమొన పగులుతుంది, లేదా ఏదో కారణం చేత పాలు లోపల నిలిచిపోతాయి. నిలిచిన చోట వాపు పుడుతుంది. పగులు ద్వారా స్టాఫిలోకాకస్ వంటి సూక్ష్మక్రిములు చేరితే శోథ బలపడుతుంది. ఈ దశలో పాలు హఠాత్తుగా ఆపివేస్తే నిలువ మరింత పెరుగుతుంది. శోథ విద్రధిగా, అంటే చీముగడ్డగా మారడానికి ఇదొక ప్రధాన కారణం. బిడ్డను కాపాడుదామని చేసిన పని తల్లి ప్రాణానికే ముప్పు తేవచ్చును.

సుశ్రుతాచార్యులు చికిత్సాస్థానం పదిహేడవ అధ్యాయంలో ఈ విషయమై మూడు మాటలు స్పష్టంగా చెప్పారు. గడ్డ పచ్చిగా ఉన్నా, మండుతున్నా, పక్వమైనా స్తనాల నుండి పాలు తీస్తూనే ఉండాలన్నారు. స్తనానికి ఉపనాహం, అంటే వేడి పట్టు కట్టడం, పనికిరాదన్నారు. అది మెత్తని మాంసం గల అవయవం కనుక కట్టు కింద త్వరగా కుళ్లి పగిలిపోతుందని కారణం కూడా చెప్పారు. పక్వమైన గడ్డకు శస్త్రం పెట్టేటప్పుడు పాలు మోసే నాళాలను, నల్లని చనుమొనలను తప్పించాలన్నారు. మా గురువుగారు ఈ భాగం బోధించేటప్పుడు రెండవ మాటను మూడు మార్లు చెప్పించేవారు. ఆయుర్వేదమనే పేరు పెట్టి స్తనానికి వేడి ఆకులు కట్టేవారు ఆ అధ్యాయం తెరచి చూడలేదనే అనుకుంటాను.

అయితే పాలు తీస్తూనే ఉండాలన్న మాటను అతిగా పాటించరాదు. కొందరు గంటకొకసారి యంత్రంతో పిండుతారు, గడ్డను బలంగా మర్దిస్తారు. పిండినకొద్దీ పాలు మరింత ఊరుతాయి, మర్దన వలన వాపు హెచ్చుతుంది. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంస్థ 2022లో ఇచ్చిన సూచనలు ఈ రెండింటినీ వద్దంటున్నాయి. బిడ్డ ఆకలిని బట్టి మామూలుగా పట్టడం, తాగలేనప్పుడు నొప్పి తీరేంత మాత్రం చేతితో తీయడం, పాలు పట్టిన తరువాత చల్లని తడిగుడ్డ వేయడం మేలు.

ఇక పాలు చెడిపోయి ఉంటాయన్న భయం. నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు శోథ ఉన్న స్తనంలోని పాలు హాని చేయవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ప్రచురించిన గ్రంథం కూడా పాలు కొనసాగించమనే చెప్పింది. ఒక మార్పు మాత్రం నిజం. వాపు ఉన్న వైపు పాలలో సోడియం పెరిగి రుచి కొంచెం ఉప్పగా మారుతుంది. అందుచేత కొందరు శిశువులు ఆ వైపు ముఖం తిప్పుకుంటారు. దానిని చూసి “బిడ్డకే తెలిసింది, పాలు విషమైనాయి” అని పెద్దలు నిర్ణయిస్తారు. వాపు తగ్గితే రుచి మామూలవుతుంది. దుష్టస్తన్యం గురించి మన గ్రంథాలు చెప్పలేదా అని అడుగుతారేమో. చెప్పాయి. చరకసంహిత ఎనిమిది క్షీరదోషాలను పేర్కొని, వాటికి శోధన చికిత్సను కూడా చెప్పింది. చనుమొన నుండి చీమే కనబడుతుంటే ఆ వైపు పాలు తీసి పారబోసి, రెండవ వైపు పట్టాలి. నెలలు నిండని బిడ్డ అయితే శిశువైద్యుని సలహా తప్పనిసరి.

నేను ఆయుర్వేదం చదివినవాడినే అయినా ఒక మాట దాచను. జ్వరం, వణుకు, వ్యాపించే ఎరుపు ఉన్న స్తనశోథకు ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోతే వైద్యుని వద్దకు వెళ్లాలి. తల్లి బాగా నీరసించినా, మతి తప్పినట్లు మాట్లాడినా ఆ ఒక్క రోజు కూడా ఆగవద్దు. క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్ వంటి సాధారణ యాంటీబయాటిక్‌లు వాడుతూ పాలివ్వవచ్చును. మందు మొదలుపెట్టి రెండు రోజులైనా గుణం కనబడకపోతే అల్ట్రాసౌండ్ చేయించాలి. చిన్న గడ్డ అయితే సూదితోనే చీము తీస్తారు. ఎరుపు, గట్టితనం వారాల తరబడి తగ్గకపోతే పాలగడ్డ అనుకొని ఊరుకోకూడదు. అరుదుగా స్తన క్యాన్సర్ కూడా ఈ రూపంలోనే కనిపిస్తుంది.

గడ్డ మానిన పిమ్మట వచ్చేది రెండవ ప్రశ్న. చీము తీసిన స్తనంతో కూడా పాలివ్వవచ్చును. గాయం చనుమొనకు దగ్గరగా ఉంటే అది మానేవరకు ఆ వైపు చేతితో తీయాలి. పాలు తగ్గినా, బిడ్డ చీకుతుంటే చాలామందిలో మళ్ళీ పెరుగుతాయి. మాన్పించక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. తల్లికి క్యాన్సర్ మందులు మొదలుపెట్టవలసి రావడం ఒకటి. హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి స్తనవిద్రధి వస్తే ఆ వైపు పాలు పట్టక, వైద్యుడు చెప్పినట్లు నడుచుకోవాలి. ఇవేవీ లేకపోయినా, మాటిమాటికి శోథ తిరగబెట్టి, నిద్ర లేక, బిడ్డ ఏడుపు వింటేనే భయపడే స్థితికి వచ్చిన తల్లి ఉంటుంది. ఆమె “ఇక నావల్ల కాదు” అంటే అది కూడా తగిన కారణమే. తల్లిపాలు శ్రేష్ఠమన్న మాటను ఆమెను నిందించడానికి వాడరాదు. ఆ నింద మగవారి నోట రావడం మరీ అన్యాయం.

మాన్పించదలిస్తే జ్వరం, గడ్డ పూర్తిగా తగ్గిన తరువాతనే. రెండు మూడు రోజులకొక పూట చొప్పున తగ్గిస్తూ పోవాలి. బిగుతు అనిపిస్తే కొంచెం తీసివేయాలి. గుడ్డ బిగించి కట్టకూడదు. మెంతులు, శతావరి వంటి స్తన్యజనకాలు ఆపాలి. మన వైపు మల్లెపూలు స్తనాలకు కట్టే ఆచారం ఉన్నది. ఇది వట్టి నమ్మకం కాదు. 1988లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనిని బ్రోమోక్రిప్టిన్ మాత్రలతో పోల్చి, రెండింటి వల్లనూ పాలు తగ్గినట్లు కనుగొన్నది. కాని శోథ ఉండగా మల్లెలు వద్దు, అప్పుడు పాలు నిలవడమే ప్రమాదం. మాత్రలతో రక్తపోటు వంటి ఉపద్రవాలు రావచ్చును కనుక వాటిని సొంతంగా కొని వాడరాదు.

ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలో గేదెపాలో ప్రధానాహారం కారాదు. శిశువైద్యుడు చెప్పిన డబ్బాపాలను మరిగించిన నీటితో, డబ్బాపై చెప్పిన కొలత తప్పకుండా కలపాలి. పొదుపుకోసం నీరు ఎక్కువ పోయడం బిడ్డను పస్తు పెట్టడమే. సీసాకన్నా మన ఉగ్గుగిన్నె మేలు, కడగడం సులువు.

నేను మొదట చెప్పిన ఆ తల్లి పాలు కొనసాగించింది. ఎడమ వైపుతో ఆరంభించి, గాయం మానిన తరువాత కుడివైపు కూడా పట్టింది. ఆ వైపు చివరిదాకా కొంచెం తక్కువగానే ఉండేవట. మరుసటి ఏడు మరొకామె మూడవసారి శోథ వచ్చి తగ్గాక వచ్చింది. బిడ్డకు ఏడవ నెల. మానివేస్తానన్నది. సరేనన్నాను. మూడు వారాలలో నిదానంగా మాన్పించింది. పక్కనే ఉన్న ఆమె తల్లి, “మరి అప్పుడే అన్నం మెత్తగా పెట్టవచ్చునా?” అని అడిగింది. ఆరు నెలలు నిండాయి కదా, పప్పు, నెయ్యి కలిపి ఆనాటి నుంచే పెట్టమన్నాను.