మజ్జిగ పులిసిందా, పాడైందా?

ఎండలు మొదలయ్యాయి. లంచ్ బ్యాగుల్లో మజ్జిగ బాటిళ్లు పెరిగాయి, సంతోషం. అయితే ఉదయం ఏడింటికి నింపిన మజ్జిగను పిల్లలు తాగేది మధ్యాహ్నం లంచ్ బెల్ కొట్టాకే. ఆలోపు అది పులుస్తుంది.

పెరుగులోని బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తూనే ఉంటుంది. వేడికి ఆ పని వేగం అందుకుంటుంది, ఫ్రిజ్‌లో నెమ్మదిస్తుంది గానీ ఆగదు. కాబట్టి పులుపు ఒక్కటే చూసి పాడైందనుకోనక్కర్లేదు. మజ్జిగ పులుసుకు మనం కోరి వాడేది పుల్లటిదే కదా! నీళ్లు పైకి తేరినా భయం లేదు, గిలక్కొడితే సరి. కల్లు వాసన, చేదు, తీగలా సాగే జిగురు, రంగు మచ్చలు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయండి. బూజు పైపైన తీసేసి మిగతాది వాడకూడదు. ఉబ్బిన ప్యాకెట్ కొనకండి.

కాచి చల్లార్చిన నీళ్లతో చిలికి, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, వేడి తగలని స్టీల్ బాటిల్‌లో పంపండి. మజ్జిగకు రాగి బాటిల్ వద్దు, పులుపుకు రాగి కరిగి అందులో కలుస్తుంది. మూతలోని రబ్బరు రింగును రోజూ ఊడదీసి కడగాలి. చాలామంది మరిచేది ఇదే.

తాగే ముందు వాసన చూడమని పిల్లలకు నేర్పండి. బాగోలేదని వదిలేసి బాటిల్ అలాగే ఇంటికి తెస్తే కోప్పడకండి. తిడతారనే భయంతో ముక్కు మూసుకుని తాగేసే పిల్లలూ ఉంటారు.